రెండు గంటల బస్సు, నాలుగు గంటల బావి

విలేకరిగా ముప్పై ఏళ్లు పనిచేసి నేను ఒకే ఒక్క విద్యార్థికి పని నేర్పాను. నేర్పినట్టు కాలేజీ కాగితాల్లో నా సంతకం ఉంది. ఆ సంతకాల్లో ఒకటి పెట్టడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. పత్రికల్లో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, ఆ రోజుల్లో మీరు వార్తలు ఎలా రాసేవారని అడుగుతుంటారు. వాళ్లకు వరదల గురించో, ఎన్నికల గురించో చెప్పి చాయ్ ఇచ్చి పంపిస్తాను. ఈ సంగతి మాత్రం చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే, రాసేటప్పుడు ఎదుటివాళ్ల మొహాలు కనబడవు కాబట్టి.

అవి అరవైల నడిమి సంవత్సరాలు. నేను నల్లగొండలో ఒక తెలుగు దినపత్రికకు జిల్లా విలేకరిని. బస్టాండు దగ్గర సైకిల్ దుకాణం మీద ఒక గది నా ఆఫీసు. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, మంచినీళ్ల కుండ. బయట గది వెడల్పుకు మించిన బోర్డు. నేను మెట్లు దిగుతుంటే కింద పంక్చర్లు వేసేవాళ్లు లేచి నిలబడతారని మా ఆవిడతో గొప్పగా చెప్పుకునేవాణ్ని. ఒకసారి ఆమె వచ్చి చూసింది. వాళ్లు లేచేది గోడకు ఆనించిన గాలి పంపు అందుకోవడానికని కనిపెట్టింది. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎత్తలేదు.

రోజూ రాసిన వార్తలన్నీ ఒక కవరులో పెట్టి మధ్యాహ్నం రెండు గంటల హైదరాబాదు బస్సు కండక్టరు చేతికి ఇవ్వాలి. అక్కడ పత్రిక మనిషి వచ్చి తీసుకుపోతాడు. రెండు దాటిందంటే ఆ వార్త మర్నాటి పేపర్లో ఉండదు. టెలిగ్రాం ఇచ్చే వీలు హత్యలకూ, మంత్రులకూ మాత్రమే ఉండేది. ఇక జిల్లాలో సభలూ ప్రారంభోత్సవాలూ ఎప్పుడు జరిగేవంటే, సాయంత్రం నాలుగు గంటలకు. మా ఎండల్లో అంతకు ముందు ఏ అధికారీ జీపు దిగడు. రెండు గంటల బస్సుకూ నాలుగు గంటల సభకూ మధ్య ఉన్న ఆ ఎడాన్ని దాటడానికి మా తరం విలేకరులం ఒక ఉపాయం కనిపెట్టాం. సభ జరగక ముందే వార్త రాసేసేవాళ్లం.

ఇది చాటుగా చేసే పనేమీ కాదు. ఆహ్వానపత్రంలో అధ్యక్షుడెవరో, ప్రారంభకుడెవరో, వందన సమర్పణ ఎవరిదో అచ్చులో ఉంటుంది. మిగతాది అనుభవం. జనం ‘అశేషంగా’ వస్తారు, చప్పట్లు ‘మిన్నంటుతాయి’, వక్త ‘ఉద్ఘాటిస్తాడు’. ఆరేళ్లలో నేను తప్పింది ఒక్కసారే. రెండు నెలల ముందే బదిలీ అయిపోయిన హెడ్మాస్టరు చేత వందన సమర్పణ చేయించాను. ఆయన కొత్త ఊరి నుంచి ఉత్తరం రాశాడు. కోప్పడ్డాడేమో అనుకుంటున్నారా, పేరు పేపర్లో వచ్చినందుకు సంతోషించాడు. దాంతో ఈ విద్య మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

ఒక్క కండక్టరు మాత్రం నన్ను వదిలేవాడు కాదు. మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి కవరు అందుకుంటూ అడిగేవాడు: “ఏం సార్, ఇయ్యాల సాయంత్రం ఏం జరిగింది?”

ఆ ఏడు కాలేజీకి కొత్త ప్రిన్సిపాలు వచ్చారు. చదువు ఒక్కటే చాలదు, డిగ్రీ ఆఖరి ఏడు పిల్లలు నాలుగు నెలల పాటు పొద్దున క్లాసులో, మధ్యాహ్నం ఏదో ఒక పనిచోట ఉండాలని ఆయన పథకం. కొందరిని సహకార బ్యాంకుకు, కొందరిని దవాఖానకు, ఎక్కువమందిని పల్లెల అభివృద్ధి పనులు చూసే సర్కారు బ్లాకు ఆఫీసుకు పంపించారు. పథకం చూసే ఎకనామిక్స్ లెక్చరరు నా గదికి కూడా వచ్చి ఒకణ్ని తీసుకొమ్మన్నాడు. నా దగ్గర నేర్చుకోవడానికి ఏదో ఉందని ఇంకొకరు అనడం అదే మొదటిసారి. వెంటనే ఒప్పుకున్నాను.

“ఒకటే సార్,” అన్నాడు లెక్చరరు. “ప్రతి విద్యార్థి దగ్గర ఒక డైరీ ఉంటది. రోజుకో పేజీ, పేజీకి మూడు గడులు. చేసిన పని, చూసినది, నేర్చుకున్నది. వారానికొకసారి మీరు చదివి ప్రతి పేజీ మీద సంతకం పెట్టాలె. ఒక్క పేజీకి సంతకం లేకున్నా ఆ నాలుగు నెలలు లెక్కకు రావు. పరీక్షకు కూసోనియ్యరు.”

వచ్చేవాడు కుర్రవాడేమో అనుకున్నాను. ఇరవయ్యారేళ్ల మనిషి, నాకన్నా ఆరేళ్లే చిన్న. తండ్రి ఒక పటేలు దగ్గర పాలేరుగా జీతం ఉండేవాడు. ఇతను మిషన్ బడిలో చదివి, చదువు ఆగిపోయి, సాగర్ కాలువ మట్టిపనిలో మూడేళ్లు తట్ట మోసి, మళ్లీ కాలేజీలో చేరాడు. పెళ్లయింది. తను చదివిన మిషన్ బడిలోనే మాస్టరు ఉద్యోగం ఇస్తామన్నారు, ఆ ఏడు డిగ్రీ చేతికి వస్తే. రాకపోతే ఇంకొకరు చేరిపోతారు. మొదటి రోజే ఈ సంగతి చెప్పి, మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

నేను పని నేర్పడం మొదలుపెట్టాను. మొదట పశువుల సంతకు పంపాను. వచ్చి అరపేజీ రాసిచ్చాడు. అందులో నలభై రెండు జతల ఎడ్లు అమ్మకానికి వచ్చినట్టు ఉంది.

“ఇట్లా రాయరు,” అన్నాను. “‘అసంఖ్యాకంగా పశువులు’ అని రాయాలె.”

“ఎంచిన సార్. నలభై రెండు జతలే ఉన్నయి.”

“ఎంచమని నీకెవరు చెప్పిండ్రు?”

“ఎవరు చెప్పలే. చూస్తున్న గద, ఎంచిన.”

ఇతను పైకి వచ్చేలా లేడని మా ఆవిడతో ఆ సాయంత్రం అన్నాను.

రెండో నెలలో బావి వచ్చింది. పట్నానికి పది పన్నెండు మైళ్లలో ఒక ఊరు. అక్కడ బ్లాకు వాళ్లు మంచినీళ్ల బావి తవ్వించారు. ఊరికీ, ఊరి చివర వాడకూ కలిపి ఒకటే బావి, అన్ని కులాలవాళ్లూ తోడుకోవాలి, ఆ షరతు మీదే సర్కారు తవ్వించింది. ప్రారంభోత్సవం సాయంత్రం నాలుగింటికి. ఆ రోజు నాకు మిల్లు యజమాని ఇంట్లో భోజనం ఉంది. పదకొండింటికే కూర్చుని వార్త రాశాను. చేతి సొగసు కొద్దీ ఒక ముసలమ్మను కూడా పెట్టాను. వాడకు చెందిన ఒక వృద్ధురాలు మొదటి బిందె తోడుకుని ఆనందబాష్పాలు రాల్చిందని రాశాను. నాకే కళ్లు చెమర్చాయి.

కవరు అంటించి విద్యార్థి చేతికిచ్చి, “ఇది బావి వార్త. కండక్టరుకు ఇచ్చి, నువ్వు మూడింటి బస్సుకు ఆ ఊరు పోయిరా. ప్రారంభోత్సవమంటే ఎట్లుంటదో చూసినట్టయితది,” అన్నాను.

అతను కవరు పట్టుకుని కదల్లేదు. “ఇంకా కానిదాన్ని ఎట్ల రాసిండ్రు సార్?”

“అయ్యేటిదే గద.”

“అయినంక నేను వచ్చి చెప్తె ఏం రాస్తరు?”

“ఏం రాస్తం? రాసినం గద.”

మర్నాడు పేపర్లో వార్త బాగా వచ్చింది. మూడో పేజీ, రెండు కాలమ్‌లు, ముసలమ్మతో సహా. నేను దాన్ని రెండోసారి చదువుతుండగా అతను వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు. అధికారులు వచ్చారు, రిబ్బను కత్తిరించారు, తలా గుక్కెడు నీళ్లు తాగారు, ఆ ఊరి పటేలు ఇంట్లో ఫలహారం చేసి జీపెక్కారు. జీపు దుమ్ము అణగక ముందే పటేలు మనుషులు గిలక ఊడదీసి, చేంతాడు చుట్టుకుని, వాడ నుంచి వచ్చే దోవకు అడ్డంగా ముళ్లకంప వేశారు. ఊరివాళ్లు తాళ్లు ఇళ్ల నుంచి తెచ్చుకుని ఇంకోవైపు నుంచి తోడుకుంటున్నారు. వాడ ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వెనక్కి పోయారు.

“అందరికన్న ముందుగాల ఒక అవ్వ నిలబడ్డది సార్,” అన్నాడు. “మీరు రాసినట్టే. నీళ్లొక్కటే ఇయ్యలే.”

నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. ఇలాంటివి మెల్లగా సర్దుకుంటాయన్నాను. సవరణ వేద్దాం చూద్దాం అన్నాను. వేయలేదు. వేయాలంటే అంతకు ముందు రోజు నేను ఎక్కడ భోంచేశానో హైదరాబాదులో వార్తలు దిద్దే డెస్కు అడుగుతుంది.

నాలుగు నెలలు గడిచాయి. డైరీ వారానికోసారి చదివి సంతకం పెట్టాల్సినవాణ్ని ఒక్క వారం కూడా చూడలేదు. కాలేజీకి ఇవ్వాల్సిన గడువు తొమ్మిది రోజుల్లో ఉందనగా అతను డైరీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. చదవకుండా గబగబా సంతకాలు పెట్టుకుంటూ పోయాను. అలాగే ఆ పేజీ కూడా దాటిపోయేవాణ్ని. కానీ అక్కడ పేపరు ముక్క ఒకటి అంటించి ఉంది. నా వార్త. నా రాత అచ్చులో కనబడితే నా కళ్లు ఆగకుండా ఉండవు. చదివాను. దాని కింద మూడు గడుల్లో ఇట్లా ఉంది:

చేసిన పని: బావి ప్రారంభోత్సవం వార్త గల కవరును మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు ఇచ్చాను. చూసినది: సాయంత్రం బావి ప్రారంభమైంది. వాడవారిని నీళ్లు తోడుకోనివ్వలేదు. గిలక తీసివేసి కంప వేశారు. నేర్చుకున్నది: జరగక ముందే వార్త రాయవచ్చును. జరిగిన తర్వాత రాయకుండా ఉండవచ్చును.

నాలుగు నెలల్లో నేను నేర్పిందంతా రెండు వాక్యాల్లో పెట్టాడు. అంత పొదుపుగా రాయడం నాకు ఎన్నడూ చేతకాలేదు.

“ఈ కత్తిరింపు ఎక్కడిది?” అన్నాను.

“వాడోళ్లు బ్లాకాఫీసుకు దరఖాస్తు పెట్టుకున్నరు సార్, నీళ్లు తోడుకోనిస్తలేరని. బావిని అందరు వాడుకుంటున్నరని పేపర్ల వచ్చింది గద అని, ఆఫీసోళ్లు దీన్ని గుండుసూదితో గుచ్చి దరఖాస్తు వాపసు పంపిండ్రు. వాడోళ్లు నాకిచ్చిండ్రు.”

డైరీలు చూసే కమిటీలో ముగ్గురు. ప్రిన్సిపాలు, లెక్చరరు, మూడో ఆయన బ్లాకు ఆఫీసరు. సంతకం పెడితే నా వార్త అబద్ధమని నేనే రాసిచ్చినట్టు. అది ముందు చేరేది, ఆ వార్తను దరఖాస్తుకు గుచ్చిన మనిషికే. పెట్టకపోతే ఈ మనిషి పరీక్షకు కూర్చోలేడు, బడిలో ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. నాకు మూడో దారి తోచింది.

“ఈ ఒక్క పేజీ తిరగరాయి. ‘బావి ప్రారంభోత్సవానికి పోయిన’ అని చాలు. అది నిజమే గద?”

“నిజమే సార్. రెండో గడిల ఏం రాయాలె?”

“ఏం రాయకు.”

“ఖాళీ గడి ఉంటే లెక్చరర్ సార్ ఒప్పుకోరు.”

“నీ ఏడాది పోతది. నౌకరీ పోతది. ఇంట్ల భార్య ఉన్నది. జర ఆలోచన చెయ్యి.”

అతను కొంచెంసేపు కింద సైకిళ్ల వైపు చూశాడు. “ఆ కవరు నా చేతుల మీదుగనే పోయింది సార్. కండక్టరుకు నేనే ఇచ్చిన. మీరు సంతకం పెడ్తరో పెట్టరో మీ ఇష్టం. పేజీ అయితే మార్చ.”

డైరీ నా దగ్గరే పెట్టుకుని, చూస్తానన్నాను. ఇంటికి తీసుకుపోతే మా ఆవిడ ఆ పేజీ చదివింది.

“ఇందుల తప్పేమున్నది?” అంది.

“తప్పేం లేదు.”

“మరి సంతకం ఎందుకు పెడ్తలేరు?”

“తప్పేం లేదు కాబట్టే.”

ఆమె డైరీ నా ముందు పెట్టి వంటింట్లోకి పోయింది. ఆ వారం కూరల్లో ఉప్పు సరిగా పడలేదు. అది కావాలని చేసిందో కాదో ఇప్పటికీ తెలియదు.

రోజులు గడుస్తున్నాయి. అతను మాత్రం మధ్యాహ్నం వేళకు వస్తూనే ఉన్నాడు. కుండలో నీళ్లు నింపుతాడు, నేను ఇచ్చిన కాగితాలు నకలు రాస్తాడు, డైరీ మాట ఎత్తడు. ఎత్తి ఉంటే కోప్పడి, ఆ కోపంలో ఏదో ఒకటి తేల్చేసేవాణ్ని. ఎనిమిదో రోజు పొద్దున, ఎవరికీ చెప్పకుండా, నేనే బస్సెక్కి ఆ ఊరు పోయాను. నా వార్తలో ‘అశేష’ జనాన్ని నింపిన ఆ ఊరిని నేను చూడటం అదే మొదటిసారి.

బావి దగ్గర కంప అలాగే ఉంది. ఎండిపోయి ఇంకా గట్టిపడింది. వాడ ఆడవాళ్లు వాగులో ఇసుక తోడి చేసుకున్న చెలిమె దగ్గర ఉన్నారని ఎవరో చెప్పారు. అక్కడికి పోయాను. చెలిమెలో నీళ్లు ఊరుతుంటే కొబ్బరిచిప్పతో ముంచి బిందెలో పోస్తున్నారు. ఒక బిందె నిండేసరికి నేను రెండు సిగరెట్లు కాల్చవచ్చు. నేనెవరో చెప్పగానే అందరూ ఒక ముసలమ్మ వైపు చూశారు. ఆమె చిప్ప దించి, నన్ను కిందినుంచి పైకి చూసింది.

“నేను నీళ్లు తోడుకున్ననని కాగితంల రాసినోనివి నువ్వేనా బిడ్డా?”

“నేనే అవ్వా.”

“ఎట్లున్నయి ఆ నీళ్లు? తియ్యగున్నయా?”

నేను చెలిమె వైపు చూశాను.

“నేనైతే తాగలే. నువ్వు రాసినవు గద, నీకెరుకుంటదేమోనని అడిగిన.” పక్కనున్న కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలమ్మ మాత్రం నవ్వలేదు. “ఏడిసిన్నని గూడ రాసినవట?”

“తప్పయింది అవ్వా.”

“తప్పేమున్నది బిడ్డా. ఎవ్వరు పొయ్యలే, నువ్వన్న పోసినవు. కాగితంల పోసినవు.” అని మళ్లీ చిప్ప తీసుకుంది. “జరగు, నీ నీడ పడి నీళ్లు కనబడ్తలేవు.”

జరిగాను. తిరుగు బస్సు వచ్చేదాకా రోడ్డు పక్క కూర్చున్నాను. పెద్ద పశ్చాత్తాపమేదో కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి ఆ రెండు గంటలూ నాకు వచ్చిన ఆలోచన ఒకటే. ఆ ముసలమ్మను నేను కల్పించాననుకున్నాను. ఆమె ఉంది. నేను రాసిన చోటనే, నేను రాసిన వేళకే, బిందె పట్టుకుని నిలబడింది. వచ్చి చూసి ఉంటే, నేను రాసినదానికన్నా వందరెట్లు మంచి వార్త నాకోసం అక్కడ ఎదురుచూస్తూ ఉంది. అప్పటికి ముప్పై రెండేళ్ల వయసున్న విలేకరికి పాపభీతికన్నా ముందు తట్టింది, మంచి వార్త తప్పిపోయిన బాధ. మనిషిగా దాన్ని గురించి నేను గర్వపడను.

మర్నాడు గడువు. విద్యార్థి వేళకు వచ్చాడు. డైరీ తెరిచి ఆ పేజీ మీద సంతకం పెట్టాను. సంతకం పక్కన ఖాళీ ఉంది. అక్కడ ఇట్లా రాశాను: ‘పై విషయము వాస్తవము. ఈ వార్త నేనే రాసితిని. రాయునప్పుడు నేను ఆ ఊరు చూడలేదు. ఇప్పుడు చూసితిని. కంప ఇంకా ఉన్నది.’ అతను నా చేతి కిందనుంచే చదివాడు.

“తారీకు ఎయ్యాలె సార్,” అన్నాడు.

తారీకు వేశాను. నాలుగు నెలల్లో అతను నా పని దిద్దింది ఆ ఒక్కసారే.

మూడో రోజు బ్లాకు ఆఫీసరు మెట్లెక్కి వచ్చాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు, కోపం వచ్చినా ‘అండీ’ మానడు.

“ఏవండీ, ఇదేం పనండీ? కుర్రాడేదో తెలియక రాశాడనుకుందాం. దాని కింద మీరు వాస్తవమని రాయడం ఏమిటండీ?”

“వాస్తవమే గద సార్.”

“అది నాకు తెలీదనుకున్నారా? కానీ కాగితం మీద ఉందా అప్పుడు? ఇప్పుడు కాలేజీ మినిట్సులో ఎక్కింది. కలెక్టరాఫీసుకు ఒక నకలు పోతుంది. నేనేం చెయ్యాలండీ?”

“గిలక కట్టించాలె సార్.”

ఆయన నా కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగి వెళ్లిపోయాడు. పది రోజుల్లో గిలక కట్టారు, కంప తీశారు, నెల రోజులు ఒక పోలీసు జవాను బావి దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత అందరూ కలిసిమెలిసి తోడుకున్నారని రాయాలని చెయ్యి ఇప్పటికీ లాగుతుంది. అట్లా జరగలేదు. పొద్దున ఊరివాళ్లు, ఎండెక్కిన తర్వాత వాడవాళ్లు అని వేళలు పెట్టుకున్నారు. చెలిమెకన్నా నయం అని మాత్రం వాడవాళ్లు అన్నారు. ఇది విని రాస్తున్నది కాదు, పోయి చూసి రాస్తున్నాను. పత్రికకు సవరణ కూడా పంపాను. రెండు కాలమ్‌ల వార్తకు నాలుగు వరసల సవరణ వచ్చింది, తలనూనె ప్రకటన కింద. దానితోపాటు నాకు ఒక మెమో, కొన్నాళ్లకు మహబూబ్‌నగర్‌కు బదిలీ.

ఆ బదిలీ ఉత్తరువు రాకముందే, కమిటీ ఫలితాలు వచ్చిన రోజు, లెక్చరరు నా గదికి వచ్చాడు. చేతిలో రెండు కాగితాలున్నాయి. మొదటిది చదివాడు. అభ్యర్థి ఉత్తీర్ణుడు, పరీక్షకు అర్హుడు. రెండోది చదవడానికి ఆయన కొంచెం ఇబ్బంది పడ్డాడు.

“విద్యార్థులకు మార్కులిచ్చినట్టే పనిచోట్లకు గూడ ఇచ్చినం సార్. ఏ చోటికి మల్ల పంపొచ్చు, ఏ చోటికి పంపొద్దు అని.”

“మాది?”

“‘తగదు’ అని వచ్చింది.”

“ఎన్ని చోట్లకు వచ్చింది అట్లా?”

“మీదొక్కటే సార్.”

దవాఖాన పాసైంది, బ్యాంకు పాసైంది, దరఖాస్తు తిప్పి పంపిన బ్లాకు ఆఫీసు కూడా పాసైంది. నేను తప్పాను. నా మొహం చూసి ఆయనకు జాలి కలిగినట్టుంది.

“అప్పీలు చేసుకోవచ్చు సార్. పనిచోటు మంచిదేనని అక్కడ పనిచేసిన విద్యార్థులు ఎవరన్న వచ్చి కమిటీ ముందు చెప్తె చాలు.”

“నా దగ్గర పనిచేసింది ఒక్కడే గద.”

లెక్చరరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అయితే వద్దు సార్,” అన్నాడు. “ఆయన వస్తే ఉన్నదున్నట్టు చెప్తడు.”